బందరు బండీ, బుల్లెట్ రైలూ: ఒక సంవాదం

అయిదారుగురు స్నేహితులు కలిసి రైల్లో ఊళ్ళు చూడాలనుకుంటే ముందుగా తేల్చుకోవలసింది ఎంత వేగంగా వెళ్ళాలన్నది. జపాన్‌లో ఈ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. గంటకు 285 కిలోమీటర్ల వేగాన్ని అందుకునే తొకైదో షిన్‌కాన్‌సెన్ బుల్లెట్ రైలు ఒకటి, ప్రతి చిన్న ఊళ్ళోనూ ఆగే లోకల్ బండి ఇంకొకటి. కృష్ణా డెల్టాలోనూ రెండు రకాల బండ్లున్నాయి. విజయవాడ మీదుగా వందే భారత్ పోతుంది. అదే స్టేషన్ నుంచి గుడివాడ మీదుగా బందరుకు, అంటే మచిలీపట్నానికి, మెమూ అనే లోకల్ బండి బయలుదేరుతుంది.

ఈ సంవాదంలో మాట్లాడేవారు ఇద్దరు. ఒకరు మిత్రులతో కలిసి జపాన్‌ను రైళ్ళలో చుట్టి వచ్చిన బెజవాడ ఇంజినీరు. ఆయన వేగం పక్షం. రెండోవారు బందరు లైను మీద ఏళ్ళ తరబడి బడికి వెళ్ళివచ్చి రిటైరైన మాస్టారు. ఆయన నిదానం పక్షం.

వేగం దేనికి?

ఇంజినీరు: మాస్టారూ, ఉద్యోగాలు చేసుకునే ఆరుగురికి ఒకేసారి సెలవు దొరకడమే గగనం. దొరికిన వారంలో సగం బండిలోనే అయిపోతే ఇక చూసేదేముంది? టోక్యో నుంచి షిన్-ఒసాకా 515 కిలోమీటర్లు. నొజోమి అనే షిన్‌కాన్‌సెన్ రైలు ఆ దూరాన్ని రెండున్నర గంటల లోపే దాటేస్తుంది. పొద్దున టోక్యోలో టిఫిను తిని బయలుదేరితే మధ్యాహ్నం భోజనం వేళకు క్యోటో గుళ్ళ దగ్గర ఉండొచ్చు. మన విశాఖపట్నం–సికింద్రాబాద్ వందే భారత్ 2023 సంక్రాంతి నాడు మొదలైంది. 699 కిలోమీటర్లకు దాదాపు ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. సగటున గంటకు 82 కిలోమీటర్లన్నమాట. 1964 అక్టోబరు 1న మొదలైన తొలి షిన్‌కాన్‌సెన్ 515 కిలోమీటర్లు నాలుగు గంటల్లో వెళ్ళింది. సగటు 129. అరవై ఏళ్ళ కిందటి వాళ్ళ సగటును మనం ఇంకా అందుకోలేదు.

మాస్టారు: లెక్కలో తప్పులేదు నాయనా. కాకపోతే ఆ వేగం తొందరపని ఉన్నవాడికి అక్కరకొస్తుంది. నలుగురు స్నేహితులు కలిసి బయలుదేరినప్పుడు వాళ్ళకున్న పనల్లా కలిసి ఉండటమే. బెజవాడ నుంచి బందరు ఎనభై కిలోమీటర్లు. మెమూకు రెండు గంటల పైచిలుకు పడుతుంది. ఆ రెండు గంటలూ నష్టమని నువ్వంటావు. ప్రయాణంలో అసలు భాగం అదేనని నేనంటాను.

ఇంజినీరు: కలిసి కూర్చోవడమే కావాలంటే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ఒడ్డు చాలదా? దానికి రైలెందుకండీ?

మాస్టారు: ఒడ్డున కూర్చున్నవాడు ఫోనొస్తే లేచి ఇంటికి పోతాడు. బండెక్కినవాడు దిగేదాకా మనవాడే.

పట్టాల కథ

ఈ వాదం ముందుకు సాగాలంటే రెండుచోట్లా పట్టాలు ఎలా పడ్డాయో తెలియాలి.

జపాన్‌లో తొలి రైలు 1872లో షింబాషి, యోకొహామాల మధ్య నడిచింది. అక్కడి పాత లైన్లన్నీ దాదాపు 1,067 మిల్లీమీటర్ల సన్న గేజీవి. వాటిలో టోక్యోను ఒసాకాతో కలిపే తొకైదో లైను 1950ల నాటికి కిక్కిరిసిపోయింది. దేశంలోని రైలు రద్దీలో దాదాపు నాలుగో వంతు ఆ ఒక్క దారి మీదే ఉండేది. ఆ లైను పక్కనే పాత గేజీలో ఇంకో జత పట్టాలు వేస్తే చాలని కొందరన్నారు. జపాన్ జాతీయ రైల్వే అధ్యక్షుడు షింజి సోగో, ప్రధాన ఇంజినీరు హిదెయో షిమా అందుకు ఒప్పుకోలేదు. 1,435 మిల్లీమీటర్ల గేజీతో, లెవెల్ క్రాసింగ్ అన్నది ఒక్కటీ లేకుండా, పూర్తిగా వేరే దారి కావాలని పట్టుబట్టారు. ప్రపంచ బ్యాంకు 8 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. ఖర్చు అంచనాలు దాటిపోవడంతో, లైను ప్రారంభానికి ముందు ఏడాదే సోగో పదవి వదులుకోవలసి వచ్చింది.

బెజవాడ జంక్షన్ పుట్టుక వేరు. 1889లో నిజాం రైల్వే హైదరాబాదు వైపు నుంచి ఇక్కడికి చేరింది. గుంతకల్లు, గుంటూరు మీదుగా సదరన్ మరాఠా రైల్వే మీటరు గేజీ లైను వచ్చింది. 1893లో కృష్ణ మీద వంతెన పూర్తయింది. 1899లో మద్రాసు లైను కలిసింది. అలా పదేళ్ళలో నాలుగు దిక్కుల దారులూ ఒకచోట ముడిపడ్డాయి. 1908లో బందరుకు మీటరు గేజీ లైను పడింది. 1928లో గుడివాడ నుంచి భీమవరానికి కొమ్మ సాగింది. 1960లలో ఇవి బ్రాడ్‌గేజీ అయ్యాయి. ఇటీవలి కాలంలో విజయవాడ–గుడివాడ–భీమవరం–నరసాపురం, గుడివాడ–మచిలీపట్నం, భీమవరం–నిడదవోలు మార్గాలు మొత్తం 221 కిలోమీటర్ల మేర జంట లైన్లయి, కరెంటు తీగలు కూడా వచ్చాయి.

ఇంజినీరు: చూశారా? వాళ్ళు వేగానికి విడిగా దారి వేసుకున్నారు. మనం అదే దారి మీద వందే భారత్‌నూ, బొగ్గు గూడ్సునూ, మెమూనూ పంపిస్తాం. బెజవాడ జంక్షన్ మీద ఢిల్లీ–చెన్నై, హౌరా–చెన్నై లైన్లు రెండూ కలుస్తాయి. ఎవరికి ముందు సిగ్నల్ ఇవ్వాలన్నది అక్కడ గంట గంటకూ వచ్చే సమస్యే.

మాస్టారు: ఆ సమస్యలో ఓడిపోయేది ఎప్పుడూ ప్యాసింజరే. బందరు నుంచి సమయానికే వచ్చిన బండిని ఊరు కనబడుతుండగా ఔటర్‌లో ఆపేస్తారు. పట్టాల పక్క దిగి నడిచిపోయేవాళ్ళను నేనెన్నిసార్లు చూశానో! బండి నిదానంగా నడిచినందుకు నాకెప్పుడూ కోపం రాలేదు. ఆపేసి ఎందుకు ఆపారో చెప్పకపోతేనే వచ్చింది.

సీటూ, టికెట్టూ

ఇంజినీరు: గుంపుగా వెళ్ళేవాళ్ళకు షిన్‌కాన్‌సెన్‌లో ఒక మంచి ఏర్పాటుంది. మామూలు తరగతిలో ఒక పక్క మూడు, ఇంకో పక్క రెండు సీట్లు. కింద మీట నొక్కి మూడు సీట్ల వరుసను వెనక్కి తిప్పితే ఆరుగురు ఎదురెదురుగా కూర్చోవచ్చు. మన వందే భారత్‌లో అలా తిరిగే సీట్లు ఎగ్జిక్యూటివ్ తరగతికే ఇచ్చారు. ఛైర్‌కార్‌లో వెళ్ళే ఆరుగురు మిత్రులు ఒకరి వీపు ఒకరు చూస్తూ కూర్చోవాలి.

మాస్టారు: మా బందరు బండిలో మీట అక్కర్లేదు. బల్లలే ఎదురుబొదురుగా ఉంటాయి. ముగ్గురు కూర్చునేచోట నాలుగోవాడు సర్దుకుంటాడు. రిజర్వేషన్ లేదు కాబట్టి ఏడోవాడు ఆఖరి నిమిషంలో పరుగెత్తుకొచ్చినా ఎక్కేస్తాడు. నీ రిజర్వేషన్ ఫారంలో ఎంతమందికి చోటుంది?

ఇంజినీరు: ఒక ఫారం మీద ఆరుగురికి.

మాస్టారు: ఏడుగురు మిత్రులైతే రెండు టికెట్లు, ఒక్కోసారి రెండు పెట్టెలు. నవంబరు 2024 నుంచి బుకింగ్ అరవై రోజుల ముందు తెరుస్తారు, చోటు దొరకాలంటే అప్పుడే తీయాలి కూడా. అంతకు ముందైతే 120 రోజులు. స్నేహితుల్లో ఒకడు వస్తానో రానో అని ఊగిసలాడుతుంటే ఏం చేస్తావు?

ఇంజినీరు: అందుకే జపాన్‌లో పాసుంది. విదేశీ పర్యాటకులకు జపాన్ రైల్ పాస్ ఇస్తారు. ఏడు, పద్నాలుగు, ఇరవైఒక్క రోజులు. బండి తప్పిపోతే తరవాతి బండి ఎక్కొచ్చు. ఏడు రోజుల పాసు ధర 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి 50,000 యెన్లకు పెరిగింది. ఇప్పుడది అందరికీ లాభం కాదు. టోక్యో–క్యోటో పోయిరావడానికైతే విడి టికెట్లే చవక. దూరాలు ఎక్కువ తిరిగేవాళ్ళకే పాసు కలిసొస్తుంది. పైగా నొజోమి ఎక్కాలంటే పాసుమీద అదనంగా కట్టాలి.

మాస్టారు: అక్కడే నిదానంగా తిరిగేవాడికి కూడా ఒక టికెట్టుంది కదా?

ఇంజినీరు: ఉంది. సెయిషున్ 18 అంటారు. 1982 నుంచి ఉంది. పద్దెనిమిదేళ్ళ వాళ్ళకే అని పేరు చూసి అనుకుంటారు గాని ఏ వయసువాళ్ళయినా కొనొచ్చు. లోకల్ బండ్లలోనే చెల్లుతుంది. షిన్‌కాన్‌సెన్ ఎక్కనివ్వరు. చాలాకాలం పాటు ఒక టికెట్టును అయిదుగురు మిత్రులు ఒకే రోజున పంచుకోగలిగేవారు. 2024 చలికాలం నుంచి ఆ వెసులుబాటు తీసేశారు. ఇప్పుడు ఒకరికే, వరుస రోజులకే చెల్లుతుంది.

మాస్టారు: అంటే నిదానపు బండ్ల కోసం ప్రత్యేకంగా టికెట్ అమ్మిన దేశం జపానే! నా వాదాన్ని వాళ్ళే ఒప్పుకున్నట్టు కాదూ? మన దగ్గరా సర్క్యులర్ జర్నీ టికెట్ అని ఒకటుంది. బయలుదేరిన స్టేషన్‌కే తిరిగి చేరేలా దారి గీసి ఇస్తే, మధ్యలో ఎనిమిది చోట్ల దిగి మళ్ళీ ఎక్కొచ్చు. అది ఉందని తెలిసినవాళ్ళే తక్కువ.

తిండీ, మాటా

జపాన్ రైళ్ళలో ఫోను మాట్లాడాలంటే సీటు వదిలి పెట్టెల మధ్య వసారాలోకి వెళ్ళడం మర్యాద. కబుర్లు చెప్పుకోవచ్చు, గొంతు పెంచకూడదు. తిండికి స్టేషన్లలో ఎకిబెన్ అనే భోజనం పెట్టెలు అమ్ముతారు. ఒక్కో ఊరి పెట్టెలో ఆ ఊరి చేప, ఆ ఊరి ఊరగాయ ఉంటాయి. తొకైదో షిన్‌కాన్‌సెన్ మామూలు పెట్టెల్లో తోపుడుబండి అమ్మకాలు 2023 అక్టోబరు 31తో ఆగిపోయాయి. ఇప్పుడు ఎక్కేముందే కొనుక్కోవాలి.

మాస్టారు: బందరు బండిలో ఎవరూ ముందే కొనుక్కోనక్కర్లేదు. జామకాయలు, వేరుశనక్కాయలు, సమోసాలు, ఎండాకాలమైతే తాటిముంజలు, అన్నీ పెట్టెలోకే వస్తాయి. అమ్మేవాళ్ళూ ఆ లైను మీద ఊళ్ళవాళ్ళే. బందరులో దిగితే తొక్కుడు లడ్డు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇక మాటంటావా, గొంతు తగ్గించి నవ్వుకోవాలంటే అది స్నేహితుల ప్రయాణమెలా అవుతుంది?

ఇంజినీరు: ఆ పెట్టెలో మీ మిత్రులు కాక ఇంకో ఎనభై మంది ఉన్నారండీ. రాత్రి డ్యూటీ దిగి గుడివాడ పోయే నర్సు ఉంటుంది. ఆమెకు నిద్ర కావాలి. మన గుంపు సంతోషం ఆమె మీద బరువు కాకూడదు. జపాన్‌లో నేను నేర్చుకున్న పెద్ద సంగతి వేగం కాదు, ఇదే.

మాస్టారు: ఇది మాత్రం నేను కాదనలేను. గుంపుగా వెళ్ళినప్పుడు పెట్టె అంతా మనదే అనిపిస్తుంది. కాదని మనకు మనమే చెప్పుకోవాలి.

కిటికీ

ఇంజినీరు: షిన్‌కాన్‌సెన్ కిటికీలోంచి ఏమీ కనబడదని మీరనుకుంటారు. టోక్యో నుంచి బయలుదేరిన ముప్పావు గంటకు, రెండు సీట్ల వైపు కూర్చుంటే, ఆకాశం తేటగా ఉన్నరోజున ఫ్యుజీ కొండ నిండుగా కనిపిస్తుంది. పెట్టెలో అందరూ ఒక్కసారి అటు తిరుగుతారు.

మాస్టారు: ఎంతసేపు?

ఇంజినీరు: కొద్ది నిమిషాలు. ఒసాకా దాటి హిరోషిమా వైపు వెళితే లైనులో సగం సొరంగాలే. అక్కడ మీ మాటే నిజం.

మాస్టారు: ఇప్పుడు బందరు లైను విను. మధురానగర్ దాటేదాకా ఊరే. రామవరప్పాడు, నిడమానూరు, ఉప్పలూరు వచ్చేసరికి పొలాలు. జులైలో వెళితే కాలవలకు నీళ్ళు వదిలి ఉంటారు, నాట్లు సాగుతుంటాయి. నవంబరు నెలాఖరులో వెళితే కోతలు. కోతకు ముందే వరిచేలో మినుములు చల్లుతారు. వరి కోసేసరికి కింద మినుము మొలక లేచి ఉంటుంది. అది చూడాలంటే బండి ఆగాలి, కనీసం నిదానించాలి. గుడివాడ దాటాక చేపల చెరువులు, గట్ల మీద తాళ్ళు. పెడనలో దిగితే చెక్క అచ్చులతో కలంకారీ అద్దే ఇళ్ళు. చిలకలపూడిలో పాండురంగడి గుడి, రోల్డ్‌గోల్డ్ నగలు చేసేవాళ్ళు. గుడివాడ నుంచి భీమవరం వైపు మళ్ళితే కైకలూరు. దగ్గర్లోనే ఆటపాక, కొల్లేటి గూడబాతులు. ఇందులో ఏదీ 285 కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి దక్కదు.

ఇంజినీరు: దక్కదు. అయితే ఇవి చూడటానికి బళ్ళారి నుంచో, బెంగళూరు నుంచో వచ్చే మిత్రులు ముందు బెజవాడ చేరాలి కదా! ఒక రాత్రంతా బండిలోనే గడిపి నిద్రమొహాలతో దిగితే మీ మినుము మొలకలు వాళ్ళకు కనబడవు. దూరానికి వేగం, దగ్గరకు నిదానం అని ఎందుకు అనుకోకూడదు?

ఆలస్యం, ప్రమాదం

ఈ చర్చలో తేలిగ్గా దాటేయకూడని భాగం భద్రత. షిన్‌కాన్‌సెన్‌లో 1964 నుంచి నేటివరకూ బండ్లు ఢీకొనడం వల్లగాని, పట్టాలు తప్పడం వల్లగాని ఒక్క ప్రయాణికుడూ చనిపోలేదు. 2004 అక్టోబరు 23న నీగతా భూకంపంలో ఒక బండి పట్టాలు తప్పినా ప్రాణనష్టం లేదు.

ఇంజినీరు: మన డెల్టా పేరు పెట్టుకున్న బండికే ఏం జరిగిందో గుర్తుందా? 2005 అక్టోబరు 29. రేపల్లె నుంచి సికింద్రాబాద్ వెళ్ళే డెల్టా ఫాస్ట్ ప్యాసింజర్. వలిగొండ దగ్గర వరదకు చిన్న వంతెన కొట్టుకుపోయింది. బండి అందులో పడింది. వందమందికి పైగా పోయారు. నిదానంగా నడిచే బండి కాబట్టి భద్రమని ఎవరూ అనుకోకూడదు.

మాస్టారు: గుర్తులేకేం? ఆ రోజుల్లో డెల్టాలో ప్రతి ఊళ్ళోనూ ఆ బండి ఎక్కినవాళ్ళ గురించే మాట. అదే ఏడాది ఏప్రిల్ 25న జపాన్‌లో ఏమైందో కూడా చెప్పు మరి.

ఇంజినీరు: అమగసాకి. షిన్‌కాన్‌సెన్ కాదు, మామూలు లోకల్ లైను. 70 కిలోమీటర్ల వేగంతో తిరగాల్సిన మలుపులో బండి 116 మీద వెళ్ళింది. పట్టాలు తప్పి ఒక అపార్ట్‌మెంటును గుద్దింది. డ్రైవరుతో కలిపి 107 మంది చనిపోయారు. ముందు స్టేషన్‌లో ఆగాల్సిన చోటు దాటిపోయి సరిచేసుకోవడంలో నిమిషంన్నర ఆలస్యమైంది. దాన్ని పూడ్చాలని అతను ఆత్రపడ్డాడు. ఆలస్యం చేసిన డ్రైవర్లను అక్కడ ఎంత కఠినంగా శిక్షించేవారో ఆ తరవాత బయటపడింది.

మాస్టారు: అందుకే సమయపాలన ఒక్కటే గొప్పదనం కాదంటాను. నిమిషంన్నర పోతే పోనీ అనగలిగే ధైర్యం రైల్వేకు ఉండాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి బెజవాడ మునిగింది. అవే వానలకు కేసముద్రం దగ్గర పట్టాల కింది కంకర కొట్టుకుపోయింది. బండ్లు ఎక్కడివక్కడ ఆపేశారు. వందల రైళ్ళు రద్దయ్యాయి. ఆ రెండు మూడు రోజులు జనం పడ్డ ఇబ్బంది ఇబ్బందే. వలిగొండ మాత్రం మళ్ళీ జరగలేదు.

ఇంజినీరు: ఆపడం కూడా నైపుణ్యమేనని ఒప్పుకుంటున్నాను. అయితే అది మనుషుల అప్రమత్తత మీదే ఆధారపడకూడదు. షిన్‌కాన్‌సెన్‌లో డ్రైవరు వేగం మీరితే యంత్రమే బ్రేకు వేస్తుంది. అమగసాకి మలుపులో ఆనాటికి అలాంటి పరికరం లేదు. మన కవచ్ కూడా ఆ పనికే. ప్రయాణికుల బండ్ల మీద దాని తొలి పరీక్షలు దక్షిణ మధ్య రైల్వేలోనే, 2016లో లింగంపల్లి–వికారాబాద్ వైపు జరిగాయి. అది వందే భారత్‌లు నడిచే లైన్లకే కాక బందరు కొమ్మకు కూడా రావాలి.

మాస్టారు: ఇది నేననాల్సిన మాట. నువ్వే అనేశావు.

తేలినవి, తేలనివి

ఇద్దరూ చివరికి మూడు విషయాల మీద ఒక్కటయ్యారు.

మొదటిది, వేగానికీ నిదానానికీ మధ్య నిజమైన తగవు లేదు. తగవంతా రెండూ ఒకే పట్టాల మీద నడవడంలో ఉంది. జపాన్ 1964లో వేగాన్ని వేరే దారికి పంపింది కాబట్టే పాత లైను మీద లోకల్ బండి నెమ్మదిగా, వేళ తప్పకుండా నడవగలిగింది. విజయవాడ–గూడూరు, కాజీపేట–విజయవాడ మార్గాల్లో వేస్తున్న మూడో లైను విలువ కూడా ఎక్స్‌ప్రెస్‌లు ఎంత తొందరగా పోయాయన్నదాన్ని బట్టే తేలదు. బందరు బండి ఔటర్‌లో ఎంత తక్కువసేపు ఆగిందన్నదాన్ని బట్టి కూడా తేలుతుంది.

రెండోది, గుంపుగా వెళ్ళేవారికి వీలైన టికెట్టు. సెయిషున్ 18 ఒకప్పుడు ఇచ్చిన వెసులుబాటు లాంటిది డెల్టా లైన్లకు ఉంటే బాగుంటుంది. ఒక టికెట్టు, అయిదుగురు మిత్రులు, ఒక రోజంతా విజయవాడ, గుడివాడ, బందరు, భీమవరం, నరసాపురం మధ్య ఎక్కడైనా ఎక్కి దిగొచ్చు.

మూడోది, పెట్టెలో తక్కినవాళ్ళ పట్ల మర్యాద. దీనికి కొత్త పట్టాలు గాని డబ్బు గాని అక్కర్లేదు.

తేలనిది ఒక్కటే మిగిలింది. వారం రోజుల సెలవు చేతిలో ఉంటే దూరాలు చుట్టి రావాలని ఇంజినీరు, ఒక్క లైను మీదే ఊరూరా దిగాలని మాస్టారు. జపాన్ వెళ్ళే తెలుగు మిత్రులకు ఇద్దరూ చెప్పేది మాత్రం ఒకటే: టోక్యో నుంచి క్యోటోకు షిన్‌కాన్‌సెన్ ఎక్కండి, క్యోటో చేరాక ఒక రోజైనా లోకల్ బండికి కేటాయించండి. డెల్టాకు వచ్చేవారికి చెప్పేదీ దానికి దగ్గరే: బెజవాడ దాకా ఏ వేగమైన బండైనా సరే, అక్కడి నుంచి పెడన, చిలకలపూడి, బందరు వరకూ మెమూలో వెళ్ళండి.